ఇంజనుకు తగిన ప్రొపెల్లర్, ప్రొపెల్లర్‌కు తగిన సైలెన్సర్: మోడల్ విమానాల్లో ఒక పాత వాదం

మోడల్ విమానం ఇంజను కొంటే డబ్బాలో ఒక కాగితం వస్తుంది. అందులో చిన్న పట్టిక: ఈ సైజు ఇంజనుకు 10×6 ప్రొపెల్లర్, లేదా 11×5. మొదటి అంకె వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. గాలిలో ఏమాత్రం జారకుండా ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ ఎంత ముందుకు పోతుందో పిచ్ చెబుతుంది. సైలెన్సర్ సంగతి ఒక్క వాక్యంలో ముగుస్తుంది: మేమిచ్చినదే వాడండి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆగని వాళ్ల మధ్య దశాబ్దాలుగా వాదం నడుస్తూనే ఉంది. పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పాలని ఒకరు, చిన్నదాన్ని వేగంగా తిప్పాలని ఇంకొకరు, సైలెన్సర్ శక్తిని తినేస్తుందని ఒకరు, సరైన సైలెన్సర్ శక్తిని పెంచుతుందని మరొకరు.

కృష్ణ కుడి గట్టున ఉన్న తాడేపల్లి ప్రాంతానికి ఇది దూరపు విషయం కాదు. మండలంలోని వడ్డేశ్వరంలో కె.ఎల్. విశ్వవిద్యాలయం ఉంది, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ శిక్షణలో ఏరో మోడలింగ్ ఒక అంశం. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి, మిర్చి కోతలు అయ్యాక ఖాళీ నేలకూ లోటు ఉండదు. లేనిదల్లా ఈ ఎండకు, ఈ ఇంధనానికి సరిపోయే లెక్క. కంపెనీల పట్టికలు సాధారణంగా చల్లని దేశాల గాలినీ, నైట్రోమీథేన్ కలిపిన ఇంధనాన్నీ దృష్టిలో పెట్టుకుని రాసినవి. అందుకే వాదాన్ని మొదటి నుంచీ పరిచి చూడటం అవసరం.

వాదం పుట్టిన తీరు

1930ల మధ్యలో అమెరికాలో బ్రౌన్ జూనియర్ వంటి స్పార్క్ ఇంజన్లు వచ్చాయి. కాయిలు, బ్యాటరీ, కండెన్సర్ అన్నీ విమానమే మోయాలి. బరువు ఎక్కువ, వేగం తక్కువ. కాబట్టి పొడవైన చెక్క ప్రొపెల్లర్ తప్ప వేరే దారి లేదు. 1940ల్లో యూరప్‌లో ఈథర్ కలిసిన ఇంధనంతో, కుదింపు వేడితోనే మండే చిన్న డీజిళ్లు వ్యాపించాయి. అవీ నెమ్మదిగా, బలంగా తిరిగేవే. మన దేశంలో కలకత్తాలో అరోరా పేరుతో తయారైన చిన్న డీజిళ్లు బ్రిటిష్ మిల్స్ ఇంజను బాటలో నడిచినవి.

1947లో రే ఆర్డెన్ తెచ్చిన గ్లో ప్లగ్ ఈ చిత్రాన్ని మార్చేసింది. ప్లాటినం తీగ మిథనాల్ ఆవిరి తగిలి ఎర్రగా కాలుతూ ఉంటుంది. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేయవచ్చు. బరువు తగ్గింది, నిమిషానికి చుట్ల సంఖ్య పెరిగింది, దానితోపాటే మోత కూడా. ఊళ్లు మైదానాల మీదికి పెరిగేకొద్దీ ఎగరేసే చోటు పోతుందన్న భయం వచ్చింది. సైలెన్సర్ ఆ భయంలోంచి పుట్టింది, శక్తి కోసం ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. ఈ వస్తువు మీద మోడలర్లలో ఇప్పటికీ మిగిలిన అయిష్టానికి మూలం అక్కడే ఉంది.

రెండో మలుపు మోటార్ సైకిళ్ల నుంచి వచ్చింది. 1950ల్లో తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్, టూ స్ట్రోక్ ఇంజను పొగ గొట్టంలో పరుగెత్తే ఒత్తిడి అలలను వాడుకోవడం శాస్త్రంగా అభివృద్ధి చేశాడు. గొట్టం మొదట విప్పారి, చివర ముడుచుకుంటుంది. ముడుచుకున్న చోటు నుంచి వెనక్కి కొట్టిన అల, పొగ బయటికి పోయే పోర్టు మూసుకునే ముందు బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి నెడుతుంది. 1961లో ఎంజెడ్ రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయి సుజుకీలో చేరాక ఈ విద్య జపాన్‌కు చేరింది. ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్ మారిస్తే బండి నడకే మారిపోతుందని గుంటూరు మెకానిక్కులకు తెలిసిన సంగతి ఈ కుటుంబానిదే. మోడల్ రంగంలో 1966 ప్రపంచ పోటీల్లో, తీగలతో పట్టి ఎగరేసే కంట్రోల్ లైన్ స్పీడ్ విభాగంలో బిల్ విస్నీవ్‌స్కీ ఇలాంటి ట్యూన్డ్ పైపుతో దిగాడు. సైలెన్సర్ అంటే నష్టమేనన్న మాట ఆనాటితో చెల్లకుండా పోయింది.

ప్రొపెల్లర్ గురించి రెండు వర్గాలు

మొదటి వర్గం ఇంజను మాట వినమంటుంది. ప్రతి ఇంజనుకూ గరిష్ఠ శక్తి ఇచ్చే చుట్ల సంఖ్య ఒకటి ఉంటుంది, అక్కడిదాకా తిరగనిచ్చే చిన్న ప్రొపెల్లర్ వేయమంటుంది. రెండో వర్గం విమానం మాట వినమంటుంది. పెద్ద వ్యాసంతో ఎక్కువ గాలిని మెల్లగా తోస్తే అదే శక్తికి లాగుడు ఎక్కువ, మోత తక్కువ అని దాని నమ్మకం.

ఈ రెండింటినీ తూచడానికి మోడలర్లు వాడే మోటు లెక్క ఒకటుంది. ప్రొపెల్లర్ మోపే భారం వ్యాసానికి నాలుగో ఘాతంలోనూ, పిచ్‌కు నేరుగానూ, చుట్ల సంఖ్యకు మూడో ఘాతంలోనూ పెరుగుతుంది. బ్లేడు ఆకారం మారితే ఈ లెక్క చెదురుతుంది, కానీ ఒకే కంపెనీ ప్రొపెల్లర్లను పోల్చడానికి పనికొస్తుంది. వ్యాసం అంగుళం పెంచితే పిచ్ రెండంగుళాలు తగ్గించాలన్న పాత సూత్రం దీంతో సరిపోతుంది. 10×6 భారాన్ని ఒకటి అనుకుంటే 11×4 భారం 0.98.

7.5 సీసీ ఇంజను 10×6 ప్రొపెల్లర్‌ను 13,000 చుట్లు తిప్పుతోందనుకుందాం. శక్తి మారదని ఒప్పుకుంటే 11×6ను సుమారు 11,450, 12×4ను 11,670, 10×8ను 11,810 చుట్లు తిప్పుతుంది. పిచ్ వేగం, అంటే ప్రొపెల్లర్ జారకుండా పోతే విమానం అందుకోగల వేగం, 10×6కు గంటకు 119 కిలోమీటర్లు, 11×6కు 105, 12×4కు 71 మాత్రమే. 12×4 నేల మీద విమానాన్ని గట్టిగా లాగుతుంది, మెల్లగా తేలే శిక్షణ విమానాన్ని నిటారుగా ఎక్కిస్తుంది. అదే ప్రొపెల్లర్‌ను వేగపు విమానానికి బిగిస్తే 70 దగ్గర చతికిలబడుతుంది. ఏ ప్రొపెల్లర్ మంచిదన్న ప్రశ్నకు విమానం వేగం చెప్పకుండా జవాబు లేదు. రెండు వర్గాల వాళ్లూ వేర్వేరు విమానాలు ఎగరేస్తూ ఒకే జవాబు కోసం కొట్లాడుకున్నారని ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది.

మోత సంగతి ఇంతకంటే ఆసక్తికరం. ప్రొపెల్లర్ మోత ప్రధానంగా కొన వేగంతో ముడిపడి ఉంటుంది. పై లెక్కలోనే కొన వేగాలు చూడండి. 10×6కు సెకనుకు 173 మీటర్లు. వ్యాసం పెంచి 11×6 వేస్తే 167కు తగ్గుతుంది. ఇంకా పెంచి, పిచ్ తగ్గించి 12×4 వేస్తే 186కు ఎగబాకుతుంది! వ్యాసం మార్చకుండా పిచ్ పెంచిన 10×8కు 157. పెద్ద ప్రొపెల్లర్ అంటే నిశ్శబ్దం అన్న మాట సగమే నిజం. నెమ్మది చేసేది వ్యాసం ఒక్కటే కాదు, పిచ్ కూడా. అంతర్జాతీయ ఎఫ్3ఏ విన్యాసాల పోటీల్లో మోత పరిమితులు బిగిసినప్పుడు డిజైనర్లు ఈ దారినే పట్టారు. ఓఎస్ కంపెనీ హానో స్పెషల్ వంటి లాంగ్ స్ట్రోక్ 10 సీసీ ఇంజన్లు ఎక్కువ పిచ్ ఉన్న ప్రొపెల్లర్లను తక్కువ చుట్లతో తిప్పడానికే తయారయ్యాయి.

1976లో ఓఎస్ ఎఫ్ఎస్-60తో విస్తృతంగా మార్కెట్లోకి వచ్చిన ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు మూడో వర్గాన్ని పుట్టించాయి. వీళ్లకు పైపు గొడవ లేదు, పెద్ద ప్రొపెల్లర్ సహజంగానే సరిపోతుంది. రెండు చుట్లకు ఒకసారే పేలుతుంది కాబట్టి 9,000 చుట్ల దగ్గర పొగ మోత మూల పౌనఃపున్యం 75 హెర్ట్జ్. 12,000 చుట్ల టూ స్ట్రోక్‌కు అది 200. డెసిబెల్ మీటర్లు వాడే ఏ-తూకం చెవిని అనుకరిస్తూ తక్కువ పౌనఃపున్యాలను బాగా తగ్గించి లెక్కిస్తుంది: 200 హెర్ట్జ్ దగ్గర సుమారు 11 డెసిబెల్స్, 100 దగ్గర 19. ఫోర్ స్ట్రోక్ మోత వినసొంపుగా ఉందనడంలో కొంత భాగం ఈ తూకం వల్లే.

సైలెన్సర్ గురించి మూడు మాటలు

సైలెన్సర్ శక్తిని తింటుందన్నది తొలి మాట. అడ్డం పెట్టిన డబ్బాలో వెనుక ఒత్తిడి పెరుగుతుంది, సిలిండర్ పూర్తిగా ఖాళీ కాదు, వేడి ఎక్కుతుంది. సాదా డబ్బా సైలెన్సర్ విషయంలో ఇది నిజమే.

రెండో మాట వాళ్లు దానికి ఒక మెలిక చూపిస్తారు. చాలా విమానాల్లో సైలెన్సర్ నుంచి సన్న గొట్టం ట్యాంకుకు వెళ్తుంది, ఆ ఒత్తిడే ఇంధనాన్ని తోస్తుంది. విమానం తలకిందులైనా, ముక్కు పైకెత్తినా ఇంజను నిలకడగా తిరగడానికి అది ఆధారం. సైలెన్సర్ తీసేస్తే ట్యాంకు ఒత్తిడి పోయి మిశ్రమం పలచబడుతుంది. ఇంధనం పాలును నిర్ణయించే నీడిల్‌ను మళ్లీ సరిచేయకుండా, సైలెన్సర్ ఉన్నప్పుడు ఇన్ని చుట్లు, లేనప్పుడు ఇన్ని అని చెప్పే పోలికకు విలువ లేదు. ఈ రంగంలో చెలామణిలో ఉన్న పోలికల్లో ఈ లోపం తరచూ కనిపిస్తుంది, వాదం ఇంతగా చిక్కుపడటానికి అదొక పెద్ద కారణం.

మూడోది ట్యూన్డ్ పైపు వర్గం. వాళ్ల బలం లెక్కలో ఉంది. పోర్టు 150 డిగ్రీలు తెరిచి ఉంటుందనీ, పొగలో అల సెకనుకు సుమారు 518 మీటర్ల వేగంతో పోతుందనీ అనుకుంటే, 16,000 చుట్లకు పిస్టన్ నుంచి అల తిరిగే చోటిదాకా దూరం 40 సెంటీమీటర్లు ఉండాలి. 11,000 చుట్లకు అది 59 సెంటీమీటర్లు. మోత తగ్గించడానికి ప్రొపెల్లర్ మార్చి చుట్లు తగ్గించగానే పైపు పొడవు దాదాపు సగం రెట్లు పెరగాలి. పైపు ముందు కొనుక్కుని, దానికి కుదిరే ప్రొపెల్లర్ కోసం వెతకడం అందుకే తలకిందుల పని. ముందు విమానం వేగం, ఆ వేగానికి పిచ్, భారానికి వ్యాసం, వాటి నుంచి గాలిలో తిరిగే చుట్లు, చివరికి పైపు పొడవు. పోటీల్లో నెగ్గిన విమానాలను చూసినా, లెక్క చూసినా ఈ వరుసే నిలబడుతుందని నా అభిప్రాయం.

కంట్రోల్ లైన్ విన్యాసాల చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. ఫాక్స్ 35 ఇంజనుకు 10×6 ప్రొపెల్లర్ వేసి, మిశ్రమం చిక్కగా పెట్టి, సమతలంలో ఒక చుట్టు విడిచి ఒక చుట్టు పేలుతూ, ముక్కెత్తగానే ప్రతి చుట్టూ పేలేలా నడపడం దశాబ్దాల పాటు ప్రామాణిక పద్ధతి. ఇంజనే విమానానికి కావలసినప్పుడు బలం ఇచ్చేది. తర్వాత వచ్చిన ట్యూన్డ్ పైపు పద్ధతిలో తక్కువ పిచ్ ప్రొపెల్లర్‌ను ఎక్కువ చుట్లతో తిప్పి, పైపు ట్యూనింగ్ చేత ఆ చుట్లను ఒకే దగ్గర పట్టి ఉంచారు. ఇక్కడ పైపు పని గరిష్ఠ శక్తి కాదు, నిలకడ. అదే వస్తువు, వేరే ఉద్దేశం.

విద్యార్థి పోటీలు ఈ చిక్కును నిబంధనతో కోసేశాయి. అమెరికాలో 1986లో మొదలైన ఎస్ఏఈ ఏరో డిజైన్ పోటీ రెగ్యులర్ తరగతిలో చాలా ఏళ్లు ఇంజనునూ సైలెన్సర్‌నూ జంటగానే నిర్దేశించేవారు. ఓఎస్ 61 ఎఫ్ఎక్స్‌కు ఈ-4010 సైలెన్సర్ అలాంటి జంట, మార్పులు నిషేధం. శక్తి వైపు నుంచి జట్ల చేతిలో మిగిలింది ప్రొపెల్లర్ ఎంపిక ఒక్కటే. ఒక్క అంశాన్ని మాత్రమే మారనిచ్చి మిగతావి కట్టేయడం ప్రయోగ పద్ధతికి మంచి పాఠం. తర్వాత ఆ తరగతి విద్యుత్ మోటార్లకు, 1,000 వాట్ల పరిమితికి మారింది.

మోత పరిమితుల్ని పక్కపక్కన పెడితే

బ్రిటన్‌లో 1982 నాటి నియమావళి 7 మీటర్ల దూరంలో 82 డెసిబెల్స్ అంటుంది. ఎఫ్3ఏలో చాలాకాలం నడిచిన పరిమితి 3 మీటర్ల దగ్గర 94. పైకి చూస్తే రెండోది చాలా ఉదారంగా కనిపిస్తుంది, నిజానికి కాస్తే ఉదారం. దూరం తేడా సర్దితే బ్రిటిష్ పరిమితి 3 మీటర్ల దగ్గర 89కి సమానం. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతంలో పగటిపూట 55 అంటాయి. అవి ఒక యంత్రానికి కాక, పరిసరాల సగటు మోతకు సంబంధించినవి. అయినా ఉజ్జాయింపుగా, 7 మీటర్ల దగ్గర 82 ఉన్న ఇంజను మోత బయలు ప్రదేశంలో 55కు దిగడానికి సుమారు 160 మీటర్లు కావాలి. 7 మీటర్ల దగ్గర 94 మోగే సైలెన్సర్ లేని ఇంజనుకైతే 600 మీటర్లు దాటాలి. ఇళ్లు దగ్గర దగ్గరగా పెరుగుతున్న తాడేపల్లి, మంగళగిరి మధ్య అలాంటి జాగా దొరకడం కష్టం. ఈ ప్రాంతంలో సైలెన్సర్ శక్తి లెక్క కంటే ముందు, ఎగరేసే హక్కు లెక్క.

ఈ నేల, ఈ ఎండ, ఈ ఆముదం

జనవరి ఉదయం 18 డిగ్రీలకూ మే మధ్యాహ్నం 42 డిగ్రీలకూ గాలి సాంద్రత 7 నుంచి 8 శాతం తగ్గుతుంది. చాలామంది ఎండకు చుట్లు పడిపోతాయనుకుని చిన్న ప్రొపెల్లర్ వేస్తారు. కానీ ఇంజను పీల్చే గాలి ఎంత పలచబడిందో, ప్రొపెల్లర్ కోసే గాలీ అంతే పలచబడింది. భారం, శక్తి కలిసి తగ్గుతాయి, చుట్లు పెద్దగా మారవు. తగ్గేది లాగుడు. చుట్లు కొలిచే టాకోమీటర్ మార్పేమీ లేదంటుంది, విమానం మాత్రం బరువుగా లేస్తుంది. దాన్ని పూడ్చాలంటే చిన్న ప్రొపెల్లర్ తోడ్పడదు. విమానం బరువు తగ్గించాలి, లేదా ఉదయమే ఎగరేయాలి.

వానాకాలం కథ వేరు. 30 డిగ్రీల దగ్గర తేమ 80 శాతం ఉంటే గాలిలో మూడు శాతానికి పైగా నీటి ఆవిరే. అంతమేరకు ఆక్సిజన్ తగ్గినా ప్రొపెల్లర్ భారం దాదాపు అలాగే ఉంటుంది. ఇక్కడ చుట్లు నిజంగానే తగ్గుతాయి. మూత సరిగా లేని డబ్బాలో మిథనాల్ తేమ పీల్చుకుని దీన్ని ఇంకా చెడగొడుతుంది.

నైట్రోమీథేన్ ఖరీదు, సులభంగా దొరకదు. మన దగ్గర సహజమైన ఇంధనం మిథనాల్‌లో ఐదో వంతు ఆముదం. అంతర్జాతీయ స్పీడ్ పోటీల నియమం కూడా 80 పాళ్లు మిథనాల్, 20 పాళ్లు నూనె కాబట్టి ఇది పేదవాడి ఇంధనమని చిన్నచూపు చూడనక్కరలేదు. ప్రకాశం, పల్నాడు మెట్టల్లో పండే ఆముదం మొదటి ప్రపంచ యుద్ధపు రోటరీ ఇంజన్లకు కూడా ప్రాణం పోసిన నూనె. వేడెక్కిన ఇంజనును అది కాపాడినట్టు మరే నూనే కాపాడదని పాత తరం నమ్మకం, అందులో బలముంది. దాని చెడ్డ గుణం సైలెన్సర్‌లో బయటపడుతుంది. మాడిన ఆముదం లక్కలా గోడలకు పట్టి రంధ్రాలను ఇరుకు చేస్తుంది, వెనుక ఒత్తిడి నెల నెలా పెరుగుతుంది, నీడిల్ అమరిక మారిపోతుంది. ఇంజను పాతబడిందని అనుకునే చాలా సందర్భాల్లో పాతబడింది సైలెన్సరే. విప్పి కడిగాకే ప్రొపెల్లర్ల పోలిక మొదలుపెట్టాలి.

ఒక హెచ్చరిక తప్పదు. మిథనాల్ మంట పగటి వెలుతురులో కంటికి కనపడదు. ఎండిన పత్తి కట్టె పక్కన ఇంజను స్టార్ట్ చేయకూడదు. మిథనాల్ విషం కూడా, దాన్ని పిల్లల చేతికందేలా ఉంచరాదు. ఎగరేసే ముందు 2021 డ్రోన్ నియమాల ప్రకారం డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి.

తేలనివి

ప్రొపెల్లర్ల మీద మంచి కొలతలు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బ్రాండ్ట్, సెలిగ్ 79 చిన్న ప్రొపెల్లర్లను గాలి సొరంగంలో పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. మంచివాటి గరిష్ఠ సామర్థ్యం 0.65 దగ్గర, మరీ నాసివాటిది 0.28 దగ్గర. చిన్న ప్రొపెల్లర్ల మధ్య ఇంత అంతరం ఉండగలిగితే, 10×6 అన్న పేరు చూసి చేసే లెక్కలన్నిటికీ హద్దు ఉన్నట్టే. ఆ పరీక్షలు 1,500 నుంచి 7,500 చుట్ల మధ్య జరిగాయి. గ్లో ఇంజన్ల ప్రపంచం దానికి పైనే మొదలవుతుంది. ఆ ఫలితాలను 12,000 దాకా సాగదీయవచ్చా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు.

నేల మీది చుట్లకూ గాలిలోని చుట్లకూ ఉన్న తేడా రెండో చిక్కు. విమానం వేగం అందుకున్నాక ప్రొపెల్లర్ భారం తగ్గి ఇంజను ఇంకా పైకి తిరుగుతుంది. ఎంత పైకి అన్నది పిచ్, విమానం వేగం, పైపు మూడూ కలిసి తేల్చాలి. పైపును నేల మీద ట్యూన్ చేస్తే గాలిలో అది పొట్టిదై ఉండాల్సింది పొడవుగా మిగులుతుంది. చిన్న టెలిమెట్రీ పరికరాలు చవకయ్యాక దీన్ని కొలవడం ఏ కాలేజీకైనా సాధ్యమే. ఆముదం, మిథనాల్ ఇంధనంతో, వేసవి, వానాకాలం, చలికాలం మూడింటిలో, ఒకే ఇంజను, ఒకే సైలెన్సర్‌తో నాలుగైదు ప్రొపెల్లర్లకు గాలిలోని చుట్లు, వేగం, 7 మీటర్ల దగ్గరి మోత కొలిచి పట్టిక వేస్తే, అది కోస్తా జిల్లాలన్నిటికీ పనికొచ్చే పత్రం అవుతుంది. వడ్డేశ్వరం వంటి చోట అది ఒక సంవత్సరపు ప్రాజెక్టు పని.

మోతలో ప్రొపెల్లర్ వాటా ఎంత, పొగ గొట్టం వాటా ఎంత అన్నది మూడోది. మంచి సైలెన్సర్ పెట్టాక మిగిలేది ఎక్కువగా ప్రొపెల్లర్ మోతేనని ఒక వాదం. కార్బ్యురేటర్ పీల్చుడు మోతనూ, విమానం చట్రం డప్పులా మోగడాన్నీ మరిచిపోతున్నారని దానికి జవాబు. విద్యుత్ మోటార్లు ఈ తగవుకు అనుకోని సాక్ష్యం ఇస్తున్నాయి. 2024 అక్టోబర్‌లో అమరావతి డ్రోన్ సమ్మిట్ సందర్భంగా, తాడేపల్లికి ఎదుటి గట్టున పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఎగిరాయి. డ్రోన్‌కు పొగ గొట్టమే ఉండదు, అయినా దగ్గరికొస్తే మోగుతుంది. ఆ మోతలో ఎక్కువ భాగం ప్రొపెల్లర్‌దే. అదే ప్రొపెల్లర్‌ను అవే చుట్లతో ఒకసారి మోటారుతో, ఒకసారి ఇంజనుతో తిప్పి 7 మీటర్ల దగ్గర మీటరు పెడితే ఎవరి వాటా ఎంతో బయటపడుతుంది.